నాలుగు గంటలు కాదు, పదకొండు

చిక్కడపల్లి,
ఏప్రిల్ 18.

చిరంజీవి నవనీతకు అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. ఆయన బీపీ అదుపులోనే ఉంది. నోయిడాలో వేళకు తింటున్నానని రాశావు గానీ, నీ చేతిరాత చూస్తే నిద్ర లేదని తెలుస్తోంది. ఆఫీసు ఫోనులో మాట్లాడలేక ఉత్తరం రాశానన్నావు. మంచిదే. ఫోనులో అయితే నా మాట సగంలోనే ఆపేస్తావు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీ కంపెనీ లెక్కలోకొచ్చే కర్బన కాలుష్యంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీది కాదు, మీరు అమ్మిన ఏసీలు మా ఇళ్లలో తినే కరెంటుది. 2030కల్లా దాన్ని సగానికి తెస్తామని మీవాళ్లు అందరి ముందూ మాటిచ్చారు. ఈ ఏడు నివేదికలో బాగా తగ్గిందని చూపిస్తున్నారు. మెషిన్లు మారలేదు, ఎండ తగ్గలేదు. ఎండాకాలంలో రోజుకు ఎనిమిది గంటలని వేసుకునే వాడకాన్ని, ఇంటింటి సర్వే చేయించి నాలుగు చేశారంతే. ఆ లెక్కలు చూసేది నువ్వే గనక, ఆ పేజీ కింద ముప్పయ్యో తేదీలోగా నువ్వు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం పోవచ్చు.

"మనింట్లో నిజంగా ఎన్ని గంటలు నడుస్తుందమ్మా?" అని అడిగావు. వంటింటి కేలెండర్ సంగతి నీకు తెలుసు కదా. పాలు రాని రోజు, గ్యాస్ మార్చిన రోజు, ఏసీ వేసిన టైం, ఆపిన టైం, అన్నీ ఆ గళ్లలోనే రాస్తాను. పోయిన మే నెల కాగితం తీసి కూడాను. 341 గంటలు. అంటే రోజుకు పదకొండు.

మనమొక్కరమేనేమోనని అశోక్‌నగర్ వెళ్లి శ్రీశైలాన్ని అడిగాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు హాస్టల్ నడుపుతాడే, ఆయనే. గదిగదికీ మీ కంపెనీ ఏసీనే.

"ఆపితే గదా అక్కా, గంటలు లెక్కవెట్టేది!" అని నవ్వాడు.

"మరి సర్వేకొచ్చినాయనకు ఏం చెప్పావు?"

"మూడని చెప్పిన. కరెంటాఫీసోళ్లేమోనని పరేషాన్ అయిన."

నవ్వొచ్చింది గానీ నేను నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను. నీకు ఇన్నాళ్లూ చెప్పని మాట ఇది.

ఆ సర్వే మనింటికీ వచ్చింది. పోయిన మేలోనే. ఉదయ్ కుమార్ అనే అబ్బాయి ట్యాబు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. పక్కింటి అనసూయమ్మ గారు అక్కడే ఉన్నారు. ఆమెను ముందు అడిగితే, "మాది రెండే గంటలు, నాయనా. మేం దుబారా మనుషులం గాదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా వాళ్ల ఏసీ పైపు నీళ్లు మన బాల్కనీలో కారుతూనే ఉన్నాయి. ఆమె ముందు పదకొండని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుగన్నాను. గోడ మీద కేలెండర్ పెట్టుకొని నాలుగన్నాను, నవనీతా. నీ పేజీలోని నాలుగులో మీ అమ్మ అబద్ధం కూడా ఉంది.

నిన్న ఆమెనే నిలదీశాను. "అక్కా, నువ్వు రెండన్నవనే నేను నాలుగన్న."

"ఏంది నర్మదా, పొదుపు మనిషివని నీకున్న పేరు చూసే గదా నేను రెండన్నది!" అని నా మీదికే తిరిగారు.

పొదుపుగా కనపడాలని మేం తగ్గించి చెబుతామని మీ పెద్దలకు తెలియదా? ఆ ఏసీలే ఎన్ని గంటలు నడిచాయో వైఫై మీద కంపెనీకి చేరవేస్తాయని నువ్వే రాశావు. మెషిన్ చెప్పిన నిజాన్ని పక్కనపెట్టి, ఆడవాళ్లు పరువు కోసం చెప్పిన అంకె పట్టుకొని లోకానికిచ్చిన మాట నిలబెట్టుకున్నామంటారా? నా పరువు నాది. దాన్ని వాళ్ల నివేదికలో వాడుకోనివ్వను.

అందుకే నిన్ను అడగకుండా ఒక పని చేశాను. కోప్పడితే కోప్పడు. నేను చెప్పిన జవాబు తప్పనీ, సరైనది పదకొండనీ రాసి, మే కాగితం నకలు జతచేసి మీ కంపెనీకి రిజిస్టర్ పోస్టులో పంపాను. తాము చెప్పిందీ తప్పేనని అనసూయమ్మ గారూ శ్రీశైలమూ చెరో కాగితం రాసిస్తే, అవీ జతచేశాను. నీ పేరు ఎక్కడా పెట్టలేదు. ఇంటిపేరు చూసి పోల్చుకుంటే పోల్చుకోనీ.

సర్వే రోజు ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేసి ఉదయ్ కుమార్‌కు కూడా చెప్పాను. "ఒకసారి ఎక్కిన జవాబు మార్చనీకి మా దాంట్ల ఉండదమ్మా" అన్నాడు. "అయితే మారేటట్టు చేయమని మీ సార్లకు చెప్పు బిడ్డా. మా గల్లీల ఇంకా ఇండ్లున్నయి, నేనింకా తిరగలే" అన్నాను.

ఉద్యోగం పోతే ఎట్లా అని అడిగావు. మీ నాన్నను అడిగితే, "వేరేది చూసుకుంటది. అబద్ధం కింద నా బిడ్డ సంతకం ఉండొద్దు" అన్నారు. నా మాటా అదే. సంతకం పెట్టకు.

నా కాగితం తిరిగి తిరిగి నీ బల్ల మీదికే వస్తుంది. అమ్మ రాసిందని సిగ్గుపడి సొరుగులో దాచకు. ఏసీ కొన్న మనిషి రాసిందని నంబరు వేసి రికార్డులో ఎక్కించు. ఎక్కించనివ్వకపోతే, ఎవరు వద్దన్నారో వాళ్ల పేరు కూడా ఎక్కించు.

ఇట్లు,
తప్పు దిద్దుకున్న
మీ అమ్మ.