రెండో తాళంచెవి

అక్కకి, నీ చెల్లి లక్ష్మి బెంగళూరు నుంచి నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు, మీ అత్తగారు కులాసాయే కదా? అంబాజీపేటలో తుపాను వానలని విన్నాను. ఎండబెట్టిన కొబ్బరి తడవలేదనే అనుకుంటున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుమానపడకు. అనుమానం మన ఇంట్లో నాకొక్కదానికే చాలు. నాతో పనిచేసే కొత్తపేట రాజేశ్వరి గారు నా పని చెడగొడుతున్నారని నీతో ఫోన్‌లో అన్నాను. నువ్వు ఆ మాట పేరంటంలో అన్నావు. అది చేరవలసిన చోటికి చేరింది. కొత్తపేటలో ఉన్న వాళ్ళమ్మగారు ఆవిడకి ఫోన్ చేసి, "ఉద్యోగంలో ఏం పాడుచేసేవే తల్లీ, నలుగురూ నన్నడుగుతున్నారు" అని ఏడ్చారట. అందుకే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను. నోటి మాటైతే నీ దగ్గర ఎన్ని కొమ్మలు వేస్తుందో నాకు తెలుసు.

మా పనేమిటో ఎన్నిసార్లు చెప్పినా "ఏవో రాకెట్లు" అంటావు. రాకెట్లు కాదే బాబూ. బియ్యం డబ్బా అంత చిన్న ఉపగ్రహాలుంటాయి. వాటిలో పెట్టే గైరోస్కోపు పెట్టె మాది. అందులో రూపాయి బిళ్ళంత చక్రాలు నాలుగు గిర్రున తిరుగుతుంటాయి. దిండి రేవులో దోనె మీద నిలబడి నువ్వు ఒక పక్కకి గభాల్న తిరిగితే దోనె రెండో పక్కకి తిరుగుతుంది కదా, ఇంచుమించు అలాగే ఆ చక్రాలు ఉపగ్రహాన్ని తిప్పుతాయి. చక్రం తడబడిందా, కోనసీమ ఫోటో తియ్యమంటే అది సముద్రాన్ని తీసి పంపుతుంది. ఆ చక్రాలని భూతద్దం కింద అమర్చేది నేనూ రాజేశ్వరి గారూ. తెల్ల గౌను, తలకి ముసుగు, చేతులకి తొడుగులు వేసుకుని కూర్చోవాలి. దుమ్ము రేణువు కూడా పోకూడని గది అది.

తిండి ఫర్వాలేదు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. అడిగితే వెయ్యలేదంటారు. నా నాలుక నాకు అబద్ధం చెబుతుందా? పక్క మంచం అమ్మాయి మంచిదే కానీ, నేను ఫోన్ మాట్లాడుతుంటే పాటలు కట్టేసి వింటుంది. మన భాష రాదంటుంది, నేను నమ్మను.

ఇక అసలు సంగతి. పైన విపరీతమైన చలి ఉంటుంది కనుక, అమర్చిన పెట్టెని ఒక చలిగదిలో పెట్టి పరీక్షిస్తారు. రెండు నెలల కిందట నా చక్రాలు చలిలో మొరాయించాయి. బయటికి తీసి విప్పి చూస్తే ఏమీ లేదు, శుభ్రంగా తిరుగుతున్నాయి. మళ్ళీ చలిలో పెడితే మళ్ళీ అదే వరస. రాజేశ్వరి గారి చక్రాలు మాత్రం ఎంత చలిలోనైనా తిరిగాయి. మరి నాకు అనుమానం రాదా, చెప్పు? చక్రాలుంచే బీరువాకి రెండే తాళంచెవులు. ఒకటి నాది, రెండోది ఆవిడది.

అక్కణ్ణుంచి ఆవిడ ఏం చేసినా నాకు వంకరగానే కనబడింది. నేను చేరిన రోజున మన ఇంటిపేరు, బావగారి వ్యాపారం అన్నీ అడిగారు. అప్పుడు ఆప్యాయత అనుకున్నది ఇప్పుడు ఆరా అనిపించింది. ఒకరోజు ముసుగు కట్టుకుంటుంటే, "తలకి నూనె బాగా పట్టిస్తావు కదమ్మా, ముసుగు ఇంకాస్త కిందకి లాక్కో" అన్నారు. పైకి "ఆయ్, అలాగేనండీ" అన్నాను. పల్లెటూరిదాన్నని ఎత్తిపొడుస్తున్నారని లోపల భగ్గుమన్నాను. ఆవిడ మాత్రం కొత్తపేట నుంచి కాక ఢిల్లీ నుంచి దిగారా? బీరువా తలుపు సందులో చిన్న కాగితం ముక్క దోపి వెళ్ళాను. మర్నాటికి కింద పడి ఉంది. దొరికిపోయారనుకున్నాను. ఆవిడ సామానూ అందులోనే ఉంటుందని, తలుపు తియ్యకపోతే ఆవిడ పని సాగదని నా బుర్రకి తట్టనే లేదు.

మా ఇన్‌ఛార్జి గారికి ఫిర్యాదు రాసిచ్చాను. సంగతి తేలేదాకా అని ఆయన ఆవిడ తాళంచెవి తీసుకుని, బయట కాగితాల పనిలో కూర్చోబెట్టారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు చేశారు కాబట్టే నోరెత్తడం లేదని నీతో అన్నాను. నువ్వు "ఆయ్, అంతే" అన్నావు.

ఆవిడ లేకుండా, తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉండగా, కొత్త చక్రాలు రెండు అమర్చాను. అవీ చలిలో మొరాయించాయి. సిగ్గు విడిచి రాస్తున్నాను అక్కా, అప్పుడు కూడా ఆవిడ మూడో తాళంచెవి చేయించుకున్నారేమో అనుకున్నాను.

ఇక్కడ చలి ముదిరింది. పోయిన ఆదివారం తలకి రాసుకుందామని నువ్వు పంపిన గానుగ కొబ్బరి నూనె సీసా తీస్తే, తెల్లగా పేరుకుని ఉంది. వేడినీళ్ళ మగ్గులో పెట్టాను. కాసేపటికి కరిగి తేటగా అయింది. అప్పుడు తట్టింది నాకు. భూతద్దం మీదకి వంగినప్పుడల్లా నుదుటి మీద ముసుగు సర్దుకోవడం నాకలవాటు. తొడుగు వేసుకున్న చేత్తోనే సర్దుకుని, అదే చేత్తో చక్రం ఇరుసు పట్టుకునేదాన్ని. అలా ఇరుసుకంటిన తలనూనె చలిలో పేరుకునేది, బయటికి తీసేసరికి కరిగి కనబడకుండా పోయేది. కొబ్బరికాయల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అది నాకు తెలియాలి కదా! సోమవారం ఇన్‌ఛార్జి గారికి అంతా చెప్పాను. చక్రాన్ని చలిగదిలోంచి తీస్తూనే భూతద్దం కింద పెట్టారు. ఇరుసు మీద సన్నటి తెల్లటి పొర ఉంది.

రాజేశ్వరి గారి దగ్గరికెళ్ళి, "నాదే తప్పండీ, క్షమించండి" అని కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. వెనక్కి జరిగారు. "ఇక్కడిది ఇక్కడ తేలిపోయింది, నా తాళంచెవి నాకిచ్చేసేరు. అక్కడ మా అమ్మ వీధిలోకి రావడం మానేసింది. దానికేం చేస్తావమ్మా?" అన్నారు. చాలా సిగ్గేసింది అక్కా.

అందుకని ఈ ఉత్తరం అందిన రోజే కొత్తపేట వెళ్ళు. పేరంటంలో విన్నవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి, వాళ్ళమ్మగారి ఎదుట ఇది మొదటి నుంచి చివరిదాకా పైకి చదువు. నూనె దగ్గరా మూడో తాళంచెవి దగ్గరా దాటెయ్యకు. బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. నన్ను దీవించమను, ఈసారి నాకు నిజంగానే అవసరం.

నువ్వు వెళ్ళకుండా ఏదో సాకు చెబుతావేమోనని నాకు అనుమానంగానే ఉంది. నా బుద్ధి ఒక్క ఆదివారంతో మారేది కాదు. అందుకే ఇదే ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా ఇంకొకటి రాసి, వాళ్ళమ్మగారి పేరున ఇవాళే పోస్టు చేస్తున్నాను. నువ్వు వెళ్ళేసరికి ఆవిడ చదివేసి, నువ్వెప్పుడొస్తావా అని గుమ్మంలో చూస్తూ ఉంటారు.

నీ చెల్లెలు,
లక్ష్మి