ఏడు మైళ్లు దక్షిణంగా

చిరంజీవి అమ్మడికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మీ అమ్మ కులాసా, నేను కులాసా, నా ఎడమ మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది. నువ్వూ, నీ పడవా, పడవలో నీ మాట వినే ఆ నలుగురూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం ఐసు లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. తల్లీ, నా ఆనందం ఏమని రాయను. మూడేళ్ల తర్వాత నా బిడ్డ నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. చదివిందే చదువుతూ కూర్చుంటే మీ అమ్మ వచ్చి, "ఆ కాగితం అరిగిపోతుంది, కాస్త దాన్ని ఊపిరి తీసుకోనివ్వండి" అంది. అరిగితే అరగనీ అన్నాను. అందులో ఒక వాక్యం ఉంది. "ఓనరుకు గట్టిగా చెప్పాను నాన్నా. తప్పు మెషిన్‌ది, మా నాన్న రాసిన పాయింటు తప్పదు అన్నాను." ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకోవలసి వస్తోంది.

ముందు ఆ ఓనరు సంగతి. రెండు ట్రిప్పులు ఖాళీ వలతో వచ్చావని, గురువారం ట్రిప్పు కూడా అలాగే అయితే చుక్కాని ఇంకొకడికి ఇస్తానన్నాడని రాశావు. దారి చూపే పెద్ద సెట్టు వాళ్ల బావమరిది పడవకు బిగించి, నీకు ఆ చేతిలో పట్టే జీపీఎస్ ముక్క పడేసినవాడికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. వాడు ఒక్క రోజు గాలిలో నిలబడి వల లాగితే వాడి పొట్ట వాడి కాళ్ల మీద పడుతుంది. ఇంకా రాద్దును గానీ మీ అమ్మ భుజం మీంచి చూస్తోంది.

ఇక నీ ప్రశ్నలు. నువ్వు చెప్పినట్టే రేవు పక్కన రేడియోలు బాగుచేసేవాడి దగ్గరికి నడిచి వెళ్లాను. వాడికి నేనంటే గిట్టదు, నాకు వాడంటే అంతకన్నా గిట్టదు. నా పాత సెట్టు, నాలుగు కేబుళ్లు బల్ల మీద పెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. మధ్యలో నా గొంతు పెరిగినట్టుంది.

"పెద్దాయనా, మెషిన్ని ఎందుకు తిడతారు?" అన్నాడు.

"మెషిన్ని కాదు బాబూ, నిన్నే," అన్నాను.

అయినా పని తెలిసినవాడు, ఒప్పుకోవాలి. మొదటి ట్రిప్పులో, చేపలు దొరికే చోట్లకు నేను రాసిచ్చిన పాయింట్లు ఒక్కటీ మెషిన్‌లోకి ఎక్కలేదన్నావు కదా, అది కేబుల్ తప్పు. కొన్ని కేబుళ్లు కరెంటు మాత్రమే మోస్తాయట, సమాచారం మోయవట. మెషిన్ ఛార్జి అవుతున్నట్టు చూపిస్తుంది, కంప్యూటరు మాత్రం దాన్ని గుర్తుపట్టదు. రెండోసారి వేరే కేబుల్ పెట్టావు, ఎక్కాయి. అక్కడ నువ్వు తెలివిగానే చేశావు.

రెండోది, నేను కార్డులో నలభై పాయింట్లు పంపితే ముప్పై రెండే కనిపిస్తున్నాయన్నావు. ఇది నా నిర్వాకం. వాడు నా సెట్టులోని ఫైలు తెరిచి చూసి నవ్వాడు.

"తొమ్మిదింటికి ఒకటే పేరు పెట్టారేంటండీ? అన్నీ రాయే?"

"సముద్రంలో ఉన్న రాయిని రాయి అనక ఏమంటారు?"

"రాయి ఒకటి, రాయి రెండు అనొచ్చుగా. ఈ మెషిన్ ఒకే పేరున్న వాటిని ఒకదాని మీద ఒకటి రాసేసుకుంటుంది. చివరిది మాత్రమే మిగులుతుంది."

నలభై ఏళ్లు, చేపలు చేరే ఆ తొమ్మిది రాళ్లనూ నేను ఒక్కసారి కూడా పొరబడలేదు, దీనికి మాత్రం పేర్లు కావాలట. సరే, పేర్లు మార్చుకో.

మూడోదానికి వస్తున్నాను. వస్తూ వస్తూ టీ తాగి వచ్చాను, పొలుసులు గీకే కత్తి నూరి వచ్చాను. పాయింటు దగ్గరికి సరిగ్గా వెళ్లినా వలకు రాయి తగల్లేదు, అంతా బురదే అన్నావు. డిగ్రీల సెట్టింగు తప్పా, మ్యాపు సెట్టింగు తప్పా అని అడిగావు. రేడియోవాడు రెండూ చూశాడు. నువ్వు రాసిన సెట్టింగులు సరిగ్గానే ఉన్నాయన్నాడు. "ఇంక తప్పు ఉంటే పాయింట్లలోనే ఉండాలి పెద్దాయనా," అని నా ముఖంలోకి చూశాడు. నేను కేబుళ్లు సంచిలో వేసుకుని వచ్చేశాను.

అమ్మడూ, తప్పు పాయింట్లలోనే ఉంది.

నా దగ్గర ఎప్పుడూ పాయింట్ల పట్టీలు రెండు ఉంటాయి, రెండు వేరు వేరు కార్డుల్లో. ఒకటి అసలుది. రెండోది దొంగలకోసం. మీ బాబాయి నా పడవలోకి తొంగిచూడటం మొదలుపెట్టాక చేశాను దాన్ని. అందులో ప్రతి పాయింటుకూ ఉత్తర అక్షాంశం నిమిషాల్లో ఏడు తగ్గించి రాశాను. ఏడు నిమిషాలంటే ఏడు సముద్ర మైళ్లు దక్షిణంగా. ఆ నంగనాచి దాన్ని కాజేసి ఒక సీజనంతా బురద లాగాడు. రేవులో వాడి ముఖం చూసిన రోజు నేను రెండుసార్లు భోంచేశాను.

నువ్వు పట్టీ కావాలని డ్రైవరుతో కబురంపినప్పుడు ఆ బాబాయే వచ్చి, "పాయింట్లు చేతికందాక ఓనరు దాన్ని గెంటేస్తాడు, చూసుకో అన్నయ్యా" అన్నాడు. వాడి మీదకు తోసేద్దామని ఈ కాగితం మీద రెండుసార్లు రాసి కొట్టేశాను. నిజం వేరే ఉంది. ఆడపిల్ల చుక్కాని పడితే చేపలు నవ్వుతాయని నేను రేవులో అందరి ముందూ అన్నాను, నువ్వు వెళ్లిపోయావు. వెళ్లినదానివి అక్కడ పడవే నడుపుతున్నావని తెలిసి నాకు కడుపు మండింది. నువ్వు ఓడిపోయి నా దగ్గరికి రావాలనుకున్నాను. చూసి చూసి, తెలిసి తెలిసి, దొంగ పట్టీ ఉన్న కార్డు డ్రైవరు చేతిలో పెట్టాను. నీకు. నా కూతురికి.

దానికి నువ్వు ఓనరు ముందు నిలబడి నా లెక్కకు పూచీ పడ్డావు.

మీ బాబాయిని తిట్టడానికి నాకు బోలెడు మాటలున్నాయి. నన్ను తిట్టుకోవడానికి ఒక్కటీ సరిపోలేదు. మీ అమ్మకు చెప్పాను. ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, వంట మాత్రం చేస్తోంది. నీతో ఫోనులో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను, అంకెలు చెవిన తప్పుగా పడతాయనే భయం కూడా.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మెషిన్‌లో ఉన్నవన్నీ తీసేయి. ఒక్కటీ ఉంచకు. నలభై అసలు పాయింట్లూ వెనక కాగితంలో రాశాను, తొమ్మిది రాళ్లకూ తొమ్మిది పేర్లు పెట్టాను. కేబుల్‌తో పనిలేదు, నీ చేత్తోనే కొట్టు. కొట్టాక ఒకరు చదువుతుంటే ఇంకొకరు మెషిన్‌లో సరిచూసుకోండి. పద్నాలుగోది ముఖ్యం. అక్కడ మునిగిన ఓడ ఉంది, వల తగిలితే వల, తాడు రెండూ పోతాయి. నేను పంపిన దొంగ పట్టీలో ఆ ఓడ ఏడు మైళ్లు అవతల ఉంది. దాన్ని నమ్మి నువ్వు అసలు ఓడ మీదే వల వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని పద్నాలుగోదాని అంకెలు నాలుగుసార్లు సరిచూశాను.

ఓనరుతో నిజం చెప్పు. మెషిన్ బాగానే ఉంది, మా నాన్న తప్పుడు పట్టీ పంపాడు అని చెప్పు. వాడు నన్ను ఏమన్నా పడతాను, ఆ మాట నీ మీద ఉండకూడదు.

గురువారం మొదటి రాయి దగ్గరికి వెళ్లగానే వల వేయకు. పడవ నెమ్మది చేసి లోతు చూసే మెషిన్ పెట్టు. సముద్రం అడుగు పదహారు బారల లోతు నుంచి తొమ్మిదికి లేస్తే అప్పుడు వెయ్యి. లేవకపోతే ఈ కాగితం కూడా చింపి నీళ్లలో పడేసి, నీ సొంత పాయింట్లు మొదలుపెట్టుకో. వాటిని నాకు చూపించకు.

ఇట్లు,
ఇంత సిగ్గులోనూ సంతోషం ఆపుకోలేని
మీ నాన్న