చెంప ఆనే వైపు

టెనెస్సీ, హైరమ్ తాత కొలిమి

చెల్లి లీథాకు,
నేను కులాసా, బెంగపడొద్దని అమ్మతో చెప్పు. నాన్న కోసం చేస్తున్న మందు కూరే తుపాకీకి మేపుల్ కర్రతో మడమ చెక్కి, గురి చూసేటప్పుడు చెంప ఆనే ఉబ్బు కూడా నున్నగా తీశాను. మా గురువు హైరమ్ తాత దాన్ని తిప్పి చూసి, "ఎవరికిరా అబ్బాయ్ ఇది? కన్నున్నప్పటి మీ నాన్నకా, ఇప్పటి మీ నాన్నకా?" అన్నాడు. రంపపు మిల్లులో కుడికన్ను పోయి, తుపాకీయే ముట్టడం మానేసిన మనిషికి, అలవాటుకొద్దీ కుడికన్నుతో గురి చూసేలా కుడి భుజానికి తగ్గట్టు చెక్కాను! మళ్లీ మొదలుపెడదామంటే ఇక్కడ ఎండిన కర్ర లేదు. నాన్న తన శవపెట్టెకని అటక మీద దాచుకున్న వాల్‌నట్ కర్ర దిమ్మ పంపించు. ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? దిమ్మ ఇవ్వనని నాన్న గొణిగితే, పెట్టెకు తొందరేం లేదను. ఈ చలికాలం ఆయన ఎడమ భుజానికి తుపాకీ ఆనించి కొట్టిన ఉడత కూర తినాలనుందని చెప్పు.
నీ అన్న,
థర్మన్