అత్తమ్మకు అన్యభాషల ప్రార్థన

జూన్ 4
మళ్లీ పక్క తడిపింది. బట్టలు మారుస్తుంటే అత్తమ్మ నోరు ఊరుకుంటుందా — "కువైట్ల ఎవని కాడ పండుకున్నవో, ఏసు చూసిండు." పక్షవాతం కాలూ చెయ్యీ పట్టింది గానీ నాలుకను ముట్టలేదు. నా ఖర్మ.
నవ్వుతూ, మెల్లగా అన్నాను — "బ్వీసిత్." పీడా అని. "హాయోప్ కా." పశువువి అని.
అబ్బ, ఎంత హాయి.

జూన్ 6
ఈ తిట్లన్నీ మారీ నేర్పినవి. ఫిలిప్పీన్స్ పిల్ల, కువైట్ వంటింట్లో నాతో పాటే పని. మాట కాదు, గొంతు ముఖ్యం అనేది. నన్ను ముద్దుగా "గాగా" అనేది, మొద్దుదానా అని. మేడమ్‌కు చాయ్ ఇస్తూ, వంగి, తియ్యటి గొంతుతో ఇద్దరం తిట్టేవాళ్లం. పాపం, "షుక్రన్", థాంక్స్ అని మెచ్చుకునేది!
ఆ భాషలో నాకు వచ్చినవి తిట్లే. అన్నం, నీళ్లు కూడా రావు.

జూన్ 11
అత్తమ్మ కాలికి నూనె రాస్తూ అందుకున్నాను — "మమతాయ్ కా నా... మమతాయ్ కా నా..." చావు, ఇక చావు. జోలపాటలా. ఆమె కళ్లలో నీళ్లు.
"ఏందే అది? అన్యభాషల్ల ప్రార్థన చేస్తున్నవా?"
చర్చిలో ఆత్మ దిగినవాళ్లు ఎవరికీ అర్థంకాని మాటల్లో చేస్తారే, అదనుకుంది. "ఔనత్తమ్మా."

జూన్ 15, ఆదివారం
చూడటానికొచ్చిన చర్చి ఆడవాళ్లందరికీ చాటింది. "మా కోడలి మీద ఆత్మ దిగింది." వనపర్తి నుంచి ఒకామె మోకాలి నొప్పితో దిగింది. చెయ్యి పెట్టి రెండు తిట్లు తిట్టాను. తగ్గిందట!
ఇప్పుడు అత్తమ్మ నన్ను "బిడ్డా" అంటోంది. ఆపుతానా? ఇన్నేళ్లు లంజా అన్న నోరది.

జూన్ 19
కువైట్ నుంచి మా ఆయన ఫోన్. సెలవు దొరికింది, వస్తున్నాడు.
"అమ్మ చెప్పింది నీ ప్రార్థన సంగతి. నేను గూడ వింట."
అక్కడ ఆయన ఉండే గదిలో అంతా ఫిలిప్పీన్స్ వాళ్లే. ఆ భాష నాకంటే ఆయనకే బాగా వచ్చు. తల్లిని ఒక్క మాటంటే పోయినసారి చెయ్యి లేపాడు. ఈసారి వెళ్లగొడతాడు. ఉప్పునుంతలలో మా అన్న గడప తొక్కనివ్వడు... ఎక్కడికి పోను?

జూన్ 21
వచ్చాడు. తల్లి మంచం దగ్గర కూర్చోలేదు. వాసనట.

జూన్ 22, ఆదివారం
ఇంటినిండా చర్చి జనం. "నా కొడుకు ముందట చెయ్యి బిడ్డా," అత్తమ్మ. తెలుగులో మొదలుపెట్టాను. "గది కాదు, ఆ భాషల." ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఆమె నెత్తిన చెయ్యి పెట్టాను. వేరే మాటలు ఎక్కడివి నాకు? కళ్లు మూసుకుని అనేశాను — మమతాయ్ కా నా.
అందరికన్నా ముందు, గట్టిగా, ఆయన గొంతు — "ఆమెన్."

జూన్ 23
చాయ్ ఇచ్చాను. నా ముఖం చూడలేదు. గ్లాసులోకి చూస్తూ అన్నాడు —
"రోజూ చెయ్యి. ఇంక జర గట్టిగ చెయ్యి."
నేను కసి కొద్దీ తిట్టాను. ఆయన ఆ చావును నిజంగానే అడుగుతున్నాడు.
భయమేస్తోంది. లోపల్నుంచి అత్తమ్మ పిలుస్తోంది — "బిడ్డా, కాలు గుంజుతుంది, ప్రార్థన చేద్దువు రా..."