హెట్జర్ మీద బురద

ఆస్బీ, ఉత్తర డకోటా
జనవరి

మెర్ల్ హాబెగ్గర్ గారికి,

మీరు పంపిన పెట్టె అందింది. పెట్టె బాగానే ఉంది. లోపలి బండే బాగాలేదు.

మా ఆయన టిల్మన్‌కి వచ్చే వారం పుట్టినరోజు. మొన్న కోతలయ్యాక పొలం కౌలుకిచ్చి, యంత్రాలన్నీ వేలం వేశాం. అప్పటినుంచి మనిషి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రోడ్డు మీద పోయే ఇతరుల ట్రాక్టర్లు చూస్తున్నాడు. మాట్లాడడు. షెడ్డు తాళం తియ్యడు. ఇలాగే ఉంటే మంచు కరిగేలోపు ఆ కుర్చీలోనే ఆరిపోతాడేమోనని నా భయం. చిన్నదైనా ఒక యంత్రం ఇంటికొస్తే లేస్తాడని ఆశపడి మీ ప్రకటన చూసి తెప్పించాను. హెట్జర్ అనే జర్మన్ యుద్ధకాలపు బండికి నమూనా, అసలుదానిలో పదహారో వంతు, శత్రువుల ట్యాంకుల్ని వేటాడేది అని రాశారు.

ఇది వేటకి పోయేలా లేదు, వేటలో చచ్చి వచ్చినట్టుంది. చక్రాల నిండా బురద. ముందు రేకు వంగింది. పొగగొట్టం తుప్పు పట్టింది. ఫిరంగి మధ్యలో ఉండకుండా కుడివైపుకి జరిగిపోయింది. ట్యాంకు పైన గుండ్రంగా తిరిగే తలకాయ అసలే లేదు. పెట్టెలో కుక్కిన కాగితాలన్నీ విప్పి చూశాను.

దయచేసి మంచిది పంపండి.

ఇట్లు, కోపం వచ్చినా మర్యాద తప్పని
వెర్నా ఆస్లాండ్

తా.క. ఆ బురద వెనిగర్‌తో పోవడం లేదు. ఒక మూలనే ప్రయత్నించాను.

*

ఇండియానా
జనవరి

శ్రీమతి ఆస్లాండ్ గారికి,

అమ్మా, ముందు ఆ వెనిగర్ సీసా అలమరలో పెట్టెయ్యండి.

మీ బండిలో ఏదీ తగ్గలేదు. హెట్జర్‌కి తిరిగే తలకాయ ఉండదు. గురి మార్చాలంటే మొత్తం బండినే తిప్పాలి. అందుకే అంత పొట్టిగా, పొదలో నక్కినా కనపడకుండా ఉంటుంది. లోపల ముగ్గురు మనుషులు ఎడమవైపు ఒకరి వెనక ఒకరు ఇరుక్కుని కూర్చునేవారు, అందుకని ఫిరంగి కుడికి జరిగింది. ఆ ఏటవాలు రేకులు చూడండి. ఎక్కడా ఒక్క గీత అనవసరంగా లేదు. ఎవరు చేయించారో, ఎందుకు చేయించారో పక్కన పెడితే, గీసినవాడి చెయ్యి గొప్పది.

ఇక బురద. అది నా మరదలు నోరీన్ సన్నటి కుంచెతో వేసింది. రేకు వంచిందీ, తుప్పు పట్టించిందీ ఆవిడే. యుద్ధంలో నలిగిన బండి నలిగినట్టే కనపడాలని, ఇలాంటివి దాచుకునేవాళ్ళు కోరుకుంటారు.

మీ ఆయనకి నచ్చుతుందని నమ్ముతూ,
మెర్ల్ హాబెగ్గర్

తా.క. తిన్నటి రేకు కన్నా వంగిన రేకుకే ఎక్కువ పని పడుతుంది.

*

ఆస్బీ
ఫిబ్రవరి

హాబెగ్గర్ గారికి,

తలకాయ సంగతి ఒప్పుకున్నాను. చూడగా చూడగా ముచ్చటగానే ఉంది, బోర్లించిన రొట్టె పాత్రలా.

పుట్టినరోజున కేకు పక్కన పెట్టాను. మా ఆయన కళ్ళద్దాలు తగిలించుకుని అటూ ఇటూ తిప్పాడు. "మరీ తీసిపారేసేదేం కాదు" అన్నాడు. తర్వాత మొహం చిట్లించి, "ఈ బురద ఎవడు వదిలేశాడే?" అన్నాడు.

"కావాలనే వేశారంట."

"బండి మీద కావాలని బురద వేసుకునేవాడు ఎవడుంటాడే, పిచ్చిదానా! కడగడానికి బద్ధకించి నీకేదో కథ చెప్పారు."

మా ఇంట్లో ఏ యంత్రమూ బురదతో షెడ్డులో చలికాలం గడపలేదు. అది మా మామగారు పెట్టిన పద్ధతి. టిల్మన్ లేచాడు. హాబెగ్గర్ గారూ, లేచాడు! కోటు వేసుకుని, షెడ్డు తాళం తీసి, కిరసనాయిలూ పళ్ళు తోముకునే బ్రష్షూ పట్టుకుని కూర్చున్నాడు. వారంలో బండి మెరిసిపోయింది. రేకు తిన్నగా చేశాడు. తుప్పు గీకి రంగేశాడు. భోజనానికి పిలిస్తే "వస్తున్నానే, తొందరేంటి" అని కసిరాడు. ఆ కసురు విని ఎన్నాళ్ళయిందో.

కృతజ్ఞతలతో,
వెర్నా ఆస్లాండ్

తా.క. పొగగొట్టం అంత తొందరగా ఎందుకు తుప్పు పట్టింది, ఏం నూనె వాడారు అని అడగమన్నాడు.

*

ఇండియానా
ఫిబ్రవరి

శ్రీమతి ఆస్లాండ్ గారికి,

మీ ఉత్తరం చదివి నోరీన్ కాఫీ సగంలో వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది. కడిగేశారన్నది ఒక బాధ. "తీసిపారేసేదేం కాదు" అన్న మాట ఇంకో బాధ.

ఆవిడ తండ్రి యుద్ధంలో ఈ బండ్లకి ఎదురు నిలిచి బతికొచ్చినవాడు. జీవితాంతం వాటిని తిట్టాడు. తిడుతూనే ఏ నేల మీద ఏ రంగు బురద, ఎంత ఎత్తుకి ఎగిరేదో చెప్పేవాడు. ఆ మాటలు పట్టుకుని నోరీన్ బురద వేస్తుంది.

మీకు అంతగా నచ్చలేదు కనక ఇంకొకటి పంపుతున్నాను. అప్పుడే కర్మాగారం గడప దాటినట్టుంటుంది. మచ్చ లేదు, గీత లేదు. దీంతోనైనా మీ ఆయన తృప్తిపడతారని ఆశ.

నొచ్చుకున్నవాడు,
మెర్ల్ హాబెగ్గర్

తా.క. నూనె సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పను కూడా.

*

ఆస్బీ
మార్చి

హాబెగ్గర్ గారికి,

ఎంత పొరపాటు పడ్డారండీ! మా వైపు మనుషులు ఒకదాన్ని మెచ్చుకుంటే అంతకు మించి మాట పైకి రాదు. మా పెళ్ళిలో నన్ను చూసి టిల్మన్ అన్నది అదే మాట. మా అమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది. నోరీన్ గారికి ఇది తప్పకుండా చెప్పండి.

మీ కొత్త బండి మాత్రం మా కొంప ముంచింది. టిల్మన్ దాన్ని ఆసాంతం చూసి, "బాగానే ఉందిగా, దీనికి నేను చేసేదేముంది?" అని అలమరలో పెట్టి, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి కూర్చున్నాడు. షెడ్డుకి తాళం పడింది. నిన్న రాత్రి భోజనం దగ్గర ఉప్పు కూడా అడగలేదు.

దాన్ని తిప్పి పంపుతున్నాను. మీ దగ్గర పాడైనవి ఏమైనా ఉన్నాయా?

మీ సాయం కోరుతూ,
వెర్నా ఆస్లాండ్

తా.క. చిన్నా చితకా దెబ్బలు వద్దు. ఇక్కడ మంచు ఇంకా కిటికీ దాకా ఉంది.

*

ఇండియానా
మార్చి

శ్రీమతి ఆస్లాండ్ గారికి,

మీ ఉత్తరం చదివి నోరీన్ ఈసారి కాఫీ పూర్తిగా తాగింది. తర్వాత, "బావా, ఆయనకి పని కావాలట. చూపిస్తాను" అని బల్ల దగ్గర కూర్చుంది. నెలాఖరు దాకా మమ్మల్నెవర్నీ ఆ గదిలోకి రానివ్వలేదు.

ఫలితం ఈ పెట్టెలో ఉంది. పక్కన గుండు తగిలింది. చక్రాల గొలుసు తెగి నేలన పడింది. ఇంజను మూత కాలి ఊడింది. కింద పలక మీద వేసిన బురదలో సగం దాకా కూరుకుంది. ఇన్నేళ్ళలో మా దగ్గర ఇంత గొప్ప పని జరగలేదు. పెట్టెలో పెట్టడానికే నాకు ఒక పూట పట్టింది.

భయభక్తులతో,
మెర్ల్ హాబెగ్గర్

తా.క. దీన్ని బాగుచెయ్యడం ఆయన తరం కాదని నోరీన్ పందెం కాసింది. ఓడిపోతే కుంచె ముట్టనంటోంది. ఆయన్ని కాస్త నెమ్మదిగా పనిచెయ్యమనండి.

*

ఆస్బీ
ఏప్రిల్

నోరీన్ గారికి,

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాను. ఇది మా ఆవిడ చెయ్యవలసిన పని. కానీ చెప్పవలసింది నేనే.

మీ బండిని షెడ్డులో బల్ల మీద పెట్టి, కిరసనాయిలు డబ్బా మూత తీశాను. బ్రష్షు ముంచబోయి ఆగాను. ఎడమ గొలుసు తెగాక కుడిది ఇంకా తిరిగింది కదా. బండి ఎడమకి ఈడ్చుకుపోతే మట్టి ఎటు లేస్తుందో, మీరు అటే లేపారు. లోపల తడి, పైన పొడి. అంచు దగ్గర ఎండి పగిలింది. నేను జీవితమంతా బురదలో ట్రాక్టరు నడిపాను. వదిలించుకోవడమే తప్ప దాన్ని ఒక్కనాడూ చూడలేదు. నాలుగు రోజులు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

డబ్బా మూత పెట్టేశాను. పందెం మీదే.

మొదటి బండిని కడిగినందుకు సిగ్గుగా ఉంది. దానికి బురద తిరిగి వెయ్యాలని మా కాలవగట్టు మట్టి తెచ్చాను. రాలిపోతోంది. జిగురు కలిపాను, పాయసంలా అయింది. మీరేం కలుపుతారో చెప్పగలరా? చెప్పకూడని రహస్యమైతే వద్దు. నేనే కనుక్కుంటాను, ఎండాకాలమంతా ఉంది.

టిల్మన్ ఆస్లాండ్

తా.క. ఈ అంగుళం చోటు నాకు వదిలాడు. కుర్చీని కింది గదిలోకి తోసేసి కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాడు, వెలుతురు బాగుంటుందట. నోరీన్ గారూ, మీ చేతులకి దణ్ణం. ఒక్క సందేహం: నా కేకు పళ్ళెంలో ఈయన కలిపిన బురద ఎంత ఆరాక ఊడొస్తుంది? ఆదివారం చర్చి విందుకి నాకు ఆ పళ్ళెం కావాలి.
- వెర్నా