రెండో లెక్క

మార్చి 3, ఆదివారం

పాస్టరుగారు ఇవాళ మళ్లీ నామీదే పడ్డారు. భూమి వయసు ఆరువేల ఏళ్లేనని, కోట్ల ఏళ్లని వాగేవాళ్లు మన బెంచీల్లోనే కూర్చుంటున్నారని అన్నారు. అన్ని తలలూ నావైపు తిరిగాయి. నాన్న తల మాత్రం తిరగలేదు. సంఘపెద్ద కదా, ముందు వరసలో బిగుసుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చాక భోజనం దగ్గర నోరు జారాను. మీ పెద్దల్లో ఒక్కరైనా ఒక రాయి తిరగేసి చూసిన పాపాన పోయారా అన్నాను. నాన్న మంచినీళ్లు తాగి, ఆదాము నుంచి వయసులన్నీ తానే కూడి చూశానని, అదీ నాలుగుసార్లని చెప్పారు. నిజమే. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి, అమ్మ పోయిన ఏడాది షాపు తియ్యడం మానేసి, బైబిలూ పెన్సిలూ పట్టుకుని ఆ లెక్కే చేశారు. అది తేలిన రోజునే మళ్లీ కడుపునిండా తిన్నారు. ఆ పుస్తకంలో అంకెలే ఇంత కచ్చితంగా ఉంటే, అమ్మని మళ్లీ కలుస్తానన్న మాట మాత్రం ఎందుకు తప్పుతుందని ఆయన ధీమా.

ఆ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పదిహేనేళ్లుగా ల్యాబులో నేను కళ్లు పొడుచుకుంటున్నది దేనికి మరి?

మార్చి 5, మంగళవారం

ల్యాబుకి కొత్త కోర్ వచ్చింది. సరస్సు అడుగున గొట్టం దించి తీసిన మట్టి. నిలువునా చీల్చి, ఫోటోలు తీసి, ముక్కలు ముక్కలుగా ప్రింట్ వేస్తాం. వానలప్పుడు లేత గీత, వానలు వెలిశాక ముదురు గీత. జతకి ఒక ఏడాది. వాటిని లెక్కపెట్టడం నా పని. వందకొక గుండుసూది గుచ్చుకుంటూ పోవాలి.

రూల్ ప్రకారం ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఎవరి అంకె వాళ్లు కవర్లో పెట్టి అంటించాలి. ఆ గీతలేమిటో రెండోవాళ్లకి తెలియకపోతే మరీ మంచిది. నాతో లెక్కపెట్టే ఆవిడ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టింది. ఓపికున్న మనిషి ఎవరైనా ఉంటే చూడమన్నారు పెద్దసారు.

ఓపికున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నారు.

మార్చి 6, బుధవారం

అడిగాను, ఒప్పుకున్నారు. గీతలేమిటని అడిగితే చెప్పకూడదన్నాను. రూల్ వెనక దాక్కోవడం ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు.

మార్చి 17, ఆదివారం

నాన్న చర్చి నుంచి రాగానే వాచీల భూతద్దం కంటికి బిగించుకుని కూర్చుంటున్నారు. మసగ్గా ఉన్నచోట రెండేసిసార్లు చూస్తారు. షాపు అమ్మేశాక తనకి ఎవరూ ఒక పని చెప్పలేదట. చాలా బావుందమ్మా అన్నారు. ఒక్క క్షణం అంతా చెప్పేద్దామనిపించింది. చెప్పలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

కవర్లు విప్పారు. నాది 9,412. నాన్నది 9,409.

తొమ్మిది వేల పైచిలుకులో తేడా మూడు. పెద్దసారు గంతులేసినంత పని చేశారు. మీ నాన్నగారికే ఉద్యోగం ఇచ్చేస్తే పోతుందని జోకేశారు.

అదే రోజు, సాయంత్రం 6.30

చెప్పేశాను. ముందు సారు జోకు చెప్పాను. నాన్న నవ్వారు. ఆ నవ్వు మొహంమీద ఉండగానే, ఆ గీతలు సరస్సు అడుగు మట్టివని, జతకి ఒక ఏడాదని చెప్పాను.

ఆయన ఒకే ఏడాదిలో నాలుగైదు జతలు పడే వీలు లేదా, పాస్టరుగారు అలాగే చెబుతారే అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ప్రతి జతలోనూ ఆ సరస్సు ఒడ్డు చెట్ల పుప్పొడి ఒక్కసారే కనిపిస్తుందన్నాను. చెట్లు ఏడాదికి ఎన్నిసార్లు పూస్తాయో మీరే చెప్పండన్నాను. ఆయన ప్రింట్లు ఇంట్లోనే ఉంచమన్నారు.

గెలిచాను. వడ్డించుకున్న కంచం తీసి పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ 3, బుధవారం

మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నారు. ఈసారి ఆ లెక్క తప్పాలని.

ఏప్రిల్ 21, ఆదివారం

9,411.

మొదటిసారి వదిలేసిన రెండు జతలు దొరికాయట. పిలిచి చూపించారు. నిజమే, ఉన్నాయి. తనకే ఎదురు తిరిగే లెక్కలో రెండేళ్లు తన చేత్తోనే కలుపుకున్నారు. దొంగలెక్క వెయ్యడం రాని మనిషని నాకు తెలియదా? తెలిసే కదా ఆ పని అప్పజెప్పాను.

మధ్యాహ్నం పాస్టరుగారు ఫోన్ చేశారు. నాన్న సంఘపెద్దగా ఉండనని రాసి ఇచ్చేశారట. కారణం చెప్పలేదట. ఏం చేశావమ్మా మీ నాన్నని అని అడిగారు. ఆ పాస్టరుగారిని దులిపేయడానికి ఏళ్లుగా దాచుకున్న మాటలున్నాయి నా దగ్గర. వాటిలో ఒక్కటీ వాడకుండానే ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 28, ఆదివారం

నాన్న చర్చికి వెళ్లలేదు. భోజనానికి కూర్చుని ప్రార్థన చెయ్యకుండానే తినడం మొదలుపెట్టారు. రెండు ముద్దలు తిని లేచారు. పదేళ్లుగా ప్రార్థనకి కళ్లు మూసుకోని నేను, ఆయన మొదలుపెడతారేమోనని చెయ్యి కడుక్కుని అలాగే కూర్చున్నాను.

మే 5, ఆదివారం

అమ్మ సమాధి దగ్గరికి వెళ్దాం రమ్మన్నాను. అక్కడెవరున్నారని అడిగారు.

బతిమాలాను. భూమి వయసు వేరు, అమ్మ సంగతి వేరు, రెండూ నమ్మేవాళ్లు మా ల్యాబులోనే ఉన్నారని చెప్పాను. వాచీలో ఒక చక్రం పన్ను విరిగితే ముల్లు ఆగిపోతుందని, మిగతా చక్రాలు బావున్నాయంటే ఏం లాభమని అన్నారు. కోపంగా అనలేదు. రిపేరుకి తెచ్చినవాళ్లకి చెప్పినట్టు చెప్పారు.

ఆ రెండింటినీ కలిపి బిగించిన పాస్టరుగారిని తిట్టుకున్నాను. కానీ పన్ను విరగ్గొట్టింది నేను. నాన్న ఓడిపోవాలనుకున్నాను. ఓడిపోయాక ఏం చేస్తారన్నది ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మే 12, ఆదివారం

నాన్నకి అబద్ధం చెప్పాను. ప్రింట్లలో తప్పు దొర్లిందని, ఒకే ముక్కలు మళ్లీ మళ్లీ పడ్డాయని, లెక్కంతా కొట్టేశారని చెప్పాను.

నా తలమీద చెయ్యి వేశారు. ఆ ముక్కలన్నీ తనకి గుర్తున్నాయని, ఏ రెండూ ఒకేలా లేవని అన్నారు.