ఏడో పేజీలో లేని మాట

అమీర్‌పేట,
4 జూలై 1988

అల్లం చాయ్ రెండోసారి అడిగి తాగిన కృష్ణమోహన్ సారుకు,

పోచమ్మ దండాలు. రామ్మోహనరావు గారి కంప్యూటర్ టైపింగు సెంటరులో ఊడ్చి, చాయ్ పెట్టే ముసలమ్మను. మీరు తయారుచేసిన ఎడిటర్ ప్రోగ్రాము ఫ్లాపీలో తెచ్చి ఊరికే ఇచ్చారు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో ఇచ్చిన పుస్తకంలో తప్పుంటే ఎవరైనా రాయవచ్చు అన్నారు. ఎవరైనా అన్నారు కనుక నేను రాస్తున్నాను. చదివింది మూడో తరగతి.

మీ పుస్తకం ఏడో పేజీలో "మీరు కొట్టిన ప్రతి అక్షరం కంప్యూటరులో ఉంటుంది" అని ఉంది. ఎక్కడ ఉంటుంది సారూ? యూసుఫ్‌గూడలో మా పక్కింటి షహజాది ఇక్కడే టైపిస్టు. ఆ మాట నమ్మి ఒక లెక్చరరు గారి పుస్తకం నలభై పేజీలు కొట్టింది. మధ్యాహ్నం కరెంటు పోయింది, నలభై పేజీలూ పోయాయి. ఫ్లాపీలోకి రాసుకోవాలన్న సంగతి ఇరవై రెండో పేజీలో ఉందట. అంతదాకా ఎవరు ఆగుతారు? "ఏంటమ్మా ఈ నిర్లక్ష్యం? నెలాఖరుకి వేరేచోట చూసుకో" అన్నారు రామ్మోహనరావు గారు. తప్పు పుస్తకానిదని మీరు రాసిస్తే ఉంచుతారట. ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. త్వరగా దిద్దండి. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో సరిగ్గా పడుతుందో లేదో, అదొక ఫికరు.

మీ పోచమ్మ

15 జూలై

కృష్ణమోహన్ సారుకు,

మీ కార్డు అందింది. పేజీ, వరుస, ఉన్న మాట, ఉండాల్సిన మాట విడివిడిగా రాసి పంపమన్నారు. తప్పు చూపేదీ నేనే, దిద్దేదీ నేనేనా? అన్నంలో రాయి తగిలిందంటే ఎన్నో ముద్దలోనో రాసిమ్మన్నట్టుంది. నెలాఖరు మీ కోసం ఆగుతుందా? "గుస్స చేయకు పెద్దమ్మా, అందరు సుత గట్లనే పంపుతరు" అంటుంది షహజాది. పోయేది ఆమె ఉద్యోగం, ఓపిక కూడా ఆమెకే.

రాసుకోండి. ఏడో పేజీ, నాలుగో వరుస. ఉండాల్సిన మాట: "కొట్టింది ఫ్లాపీలోకి రాసేదాకా మీది కాదు. పేజీకి ఒకసారి రాయండి."

ఇక కార్డులు వద్దు, పేజీ పంపండి.

పోచమ్మ

27 జూలై

నాయనా కృష్ణమోహన్ సారూ,

మళ్లీ కార్డే. ఆ రోజు కరెంటు వీధంతా పోయిందా, సెంటరులోనేనా, ఎలా పోయిందని అడిగారు. అది తెలిస్తేనే జాగ్రత్త సరిగ్గా రాయగలరట. మూడు రోజులు ఆ కార్డును చాయ్‌పత్తి డబ్బా కింద దాచాను.

కరెంటు పోలేదు. నేనే తీశాను.

పంజాగుట్టలో ఒక కొట్టు వైర్లు కాలి తగలబడిందని విన్నప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. సెంటరులో ఎవరూ లేకపోతే, పాలకు బయటికి పోతూ మెయిన్ స్విచ్చి ఆపుతాను. ఆ మధ్యాహ్నం అందరూ తిండికి పోయారు, షహజాది చేతులు కడుక్కోవడానికి పోయింది. కుర్చీలు ఖాళీ. తెర మీద అక్షరాలు కనిపించాయి. మీ ఏడో పేజీ నేనూ చదివాను, ఎక్కడికీ పోవులే అని ధైర్యంగా ఆపాను. తర్వాత నోరు రాలేదు. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారని భయం.

నిన్న రామ్మోహనరావు గారికి చెప్పేశాను, తీసేస్తే నన్నే తీసేయమన్నాను. షహజాది అక్కడే ఉంది. "నాకు ఎరుకనే పెద్దమ్మా. చేతులు కడుక్కొని వస్తుంటే నీ చెయ్యి మెయిన్ మీద చూసిన, అప్పటికే ఆపినవ్. చెప్తే నిన్ను తీసేస్తరని ఊకున్న" అన్నది. ఆయన ఇద్దరినీ ఉండమన్నారు, ఆ నలభై పేజీలు మళ్లీ కొట్టేదాకా నన్ను మెయిన్ జోలికి పోవద్దన్నారు.

ఇంకో వరుస కలపండి: "కుర్చీ ఖాళీగా ఉన్నా పని ఉండవచ్చు. మెయిన్ ఆపే ముందు అందరినీ అడగండి."

తప్పు చేసిన పోచమ్మ

20 ఆగస్టు

కృష్ణమోహన్ సారుకు,

కొత్త ఏడో పేజీ అందింది. నా మాటలన్నీ ఉన్నాయి. షహజాది దాన్ని మెయిన్ పక్కన అతికించింది. ఇప్పుడు ఆపే ముందు ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, విసుక్కుంటున్నారు, విసుక్కోనీ.

కానీ సారూ, మళ్లీ సగమే రాశారు. అడుగున "సవరణ పంపినవారు: పోచమ్మ, అమీర్‌పేట" అని వేశారు. దాని కింద "తప్పు చేసినవారు: పోచమ్మ" అని, "తెలిసీ చెప్పనివారు: షహజాది" అని కూడా వేయండి. పేజీ ఏడు, ఆఖరి వరుస. ఈసారి అన్నీ విడివిడిగానే రాశాను, కార్డు పంపకండి.

మీ పోచమ్మ